అనధికారంగా చేరిన పదో గుర్తు

ఆన్‌లైన్ నేరాల విభాగం అధికారి గారికి,
బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉన్న బోర్డుల కొట్టు లెక్కల మనిషి రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ఆన్‌లైన్ ప్రేమ మోసాలపై తమ కార్యాలయం రాయించిన హెచ్చరిక బోర్డుల అడుగున, ఆర్డరులో లేని పదో గుర్తు చేరినందుకు కారణం తెలుపుట, దానిని చెరపకుండా ఉంచమని వేడుకొనుట గురించి.

సూచిక: తమ జీపు డ్రైవరు గారు స్వయంగా తెచ్చి ఇచ్చిన నోటీసు.

తమ నోటీసు అందింది. అందులో మూడు ఆక్షేపణలు ఉన్నాయి. తొమ్మిది గుర్తులు రాయమంటే పది రాశామన్నది మొదటిది. పదోది ఎవరి అనుమతితో చేరిందన్నది రెండోది. ఆ ఒక్క పంక్తి మాత్రం వంకరగా ఉందన్నది మూడోది. మూడూ నిజమే. సొంత ఖర్చుతో చెరిపి, కారణం రాసి పంపమన్నారు. చెరపలేదు. కారణం మాత్రం పంపుతున్నాను.

నేను మాట తక్కువ మనిషిని. రోజూ కొట్టు మూసేముందు జమాఖర్చు రాసుకోవడం తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు. కనుక జరిగింది జరిగినట్టు, అంకెలు వేసి రాస్తున్నాను. ఎక్కడైనా వరస తప్పితే అది కంగారే తప్ప దురుద్దేశం కాదని గమనించ ప్రార్థన.

1. మా కొట్టు సైకిళ్ళ కొట్టుకూ టీ కొట్టుకూ మధ్య ఉన్న ఒకే ఒక గది. సగం నాది, సగం మా బావగారిది. అంటే మా అక్క భర్తది. అక్క పోయి చాలాకాలమైంది. గది నడుమ సుద్దముక్కతో గీత గీసి పంచుకున్నప్పుడు తలుపు ఆయన వాటాలోకీ, కిటికీ నా వాటాలోకీ వచ్చాయి. ఆయన రంగులు కలిపి బోర్డులు రాస్తారు. నేను రేకులు కోసి, చట్రాలు బిగించి, లెక్కలు చూస్తాను. ఫ్లెక్సీలు వచ్చాక చేత్తో రాయించుకునేవాళ్ళు తగ్గారు గానీ, ఎండకు వెలిసిపోని బోర్డు కావాలనుకునే తమవంటి వారు ఇంకా మమ్మల్ని తలుచుకుంటున్నారు.

నేను బడికి వెళ్ళలేదు. బావగారు రాసి ఆరబెట్టిన బోర్డులు చూసి చూసి చదవడం నేర్చుకున్నాను. నాకు మొదట వచ్చిన మాట ‘ప్రవేశం లేదు’. రెండోది ‘అరువు అడగరాదు’. ఆ రెండూ వచ్చాక లోకజ్ఞానానికి పెద్దగా లోటు రాలేదు.

2. మా వృత్తిలోని ఒక అలవాటు ఇక్కడ మనవి చేయాలి. బోర్డు రాసేవాడు రాస్తున్నది చదవడు. చదివితే చేయి అర్థం వెంట పరిగెడుతుంది, అక్షరం వంకరపోతుంది. బావగారికి పని నేర్పినాయన చెప్పిన మాట ఇది. బావగారు దీన్ని ఎన్నడూ తప్పలేదు. ఆయన కంటికి ‘క’ అంటే ఒక ఒంపు, ‘ఠ’ అంటే కడుపులో చుక్క దాచుకున్న సున్నా. అవి కలిస్తే మాట అవుతుందన్న సంగతి ఆయన కొనుక్కునేవాళ్ళకు వదిలేశారు.

దీనివల్ల చిక్కు రాకపోలేదు. ఈ గది కొనుక్కోకముందు మేము ఇందులోనే అద్దెకు ఉండేవాళ్ళం. అప్పటి యజమాని ‘ఈ గది అద్దెకు ఇవ్వబడును’ అని ఒక బోర్డు రాయించుకున్నారు. బావగారు ఎంతో శ్రద్ధగా రాసి, యజమాని చూపించిన చోట, అంటే మా తలుపుకే, మేకులు కొట్టి తగిలించారు. ఆ తరవాత ఎవరో దంపతులు లోపలికొచ్చి టేపుతో గోడలు కొలుస్తుంటే, “ఎవరు బాబూ మీరు? ఏం కావాలి?” అని మర్యాదగా అడిగారు. నాకు అప్పటికి చదువు ‘అరువు’ దాకానే వచ్చింది గనుక నేనూ ఏమీ సాయం చేయలేకపోయాను.

3. బోర్డుల ఫొటోలు తీసి ఫోనులో కొట్టు పేరుతో ఒక పేజీ పెట్టడం నా ఆలోచనే. నాలుగు పనులు వస్తాయనుకున్నాను. ఒక ప్రేమ వచ్చింది.

ఎవరో ఆవిడ ఇలా రాసింది: “మీ అక్షరాలు నడుస్తున్నట్టు ఉన్నాయి. మీ ‘అ’ చూస్తే నా కోసం ఎవరో తలుపు తీసినట్టుంది.” బావగారు ఆ మాటలు నాకు రెండుసార్లు చూపించారు.

“ఒరేయ్ బావమరిదీ, బోర్డు చదివేవాళ్ళే గానీ చూసేవాళ్ళు లేరని ఇన్నాళ్ళూ గోల పెట్టాను కదరా. చూసే మనిషి ఉంది.”

ఆవిడ నడిసముద్రంలో చమురు తోడే చోట డాక్టరట. తెలుగు తల్లి బిడ్డట. భర్త పోయారట. ఒంటరట. ఇన్ని ‘అట’లు ఒకేచోట చేరితే నాకెందుకో లెక్క కుదరలేదు. కానీ బావగారి ముఖం చూసి ఊరుకున్నాను. అక్క పోయాక ఆయన ముఖంలో వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని రంగులు కలపడం మొదలుపెట్టారు. రంగుల పని చేసేవాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడంటే లోకంలో ఎక్కడో తేడా వచ్చినట్టే. మాటల మధ్యలో కుంచె ఆపి అడిగేవారు.

“ఒరేయ్, నడిసముద్రంలో ఇప్పుడు ఎంతవుతుంది?”

“ఏ సముద్రం బావా?”

“అది చెప్పకూడదట. కంపెనీ రహస్యం.”

ఒకరోజు మా పెద్ద నిచ్చెన కనిపించలేదు. ఎత్తు మీద కళ్ళు తిరుగుతున్నాయి, అమ్మేశానన్నారు. ఆ డబ్బు, డాక్టరమ్మ పంపిన కానుకల పెట్టెకు రేవులో కట్టాల్సిన సుంకం కింద వెళ్ళిందని తరవాత తెలిసింది. పెట్టె రాలేదు. పెట్టెకు ఇంకో సుంకం వచ్చింది. ఇది మొదటిదానికంటే బాగా పెద్దది.

4. సరిగ్గా ఆ రోజుల్లోనే తమ ఆర్డరు వచ్చింది. ఇరవై బోర్డులు. ‘ఆన్‌లైన్ ప్రేమ మోసాలు: గుర్తుపట్టుటకు తొమ్మిది గుర్తులు’. కాగితం నేనే ముందు చదివాను. మా ఇంటి సంగతులు ఎవరో తమకు మోసేశారా అనిపించింది. బావగారు ఆ తొమ్మిదీ ఇరవై బోర్డుల మీద రాశారు. ఒక్కసారీ చదవలేదు.

నేను చేతనైనంత ప్రయత్నించాను. బోర్డు తెచ్చి ఆయన కుర్చీకి ఎదురుగా ఆనించాను. ఆయన చాలాసేపు చూశారు. నాకు ఆశ పుట్టింది.

“ఆ మూడో వరసలో ‘క’ కాస్త లావైందిరా” అన్నారు.

“వరస సంగతేంటి బావా?”

“వరస బాగానే ఉంది. ఎడం సరిపోయింది.”

5. ఇక అసలు ప్రమాదం. బుధవారం పొద్దున సైకిళ్ళ కొట్టాయన వచ్చి మా తలుపు కొలుస్తూ కనిపించారు. ఏంటని అడిగాను.

“నీకు చెప్పలేదా? మీ బావ తన వాటా నాకిచ్చేస్తున్నాడు. శుక్రవారం సంతకాలు. అప్పట్నుంచి ఈ తలుపు నాది.”

“మరి నేనెలా రావాలి?”

“కిటికీ ఉందిగా! సన్నగానే ఉన్నావు, పడతావులే.”

అయ్యా, కిటికీ మాట నవ్వులకే. కానీ బావగారికి ఆ సగం గది తప్ప లోకంలో మరేమీ లేదు. పడుకునేది, రంగులు కలిపేది, మా అక్క ఫొటో తగిలించుకున్నది ఆ గీతకు అటువైపే. శుక్రవారం సంతకం పడితే ఆ డబ్బంతా రెండో సుంకం కింద సముద్రంలోకి పోతుంది. ఆయన కుంచెలు పట్టుకుని రోడ్డు మీద నిలబడతారు. లోపలికెళ్ళి అడిగాను.

“బావా, తలుపు అమ్ముతున్నావట.”

“ఎవడు చెప్పాడు?”

“తలుపు కొలిచినాయన.”

“ఇంట్లో ఎవరికీ చెప్పొద్దందిరా ఆవిడ. ఉద్యోగం మానేసి వచ్చేస్తోంది. వచ్చాక అందరూ ఆశ్చర్యపోవాలంది. పెట్టె విడిపిస్తే ఇలాంటి గదులు నాలుగు కొనొచ్చు.”

“బావా, ఆ బోర్డు ఒక్కసారి చదువు.”

“పని మధ్యలో చదవమంటావేంట్రా? వంకరపోతుంది.”

నేను అంతకంటే మాట్లాడలేకపోయాను. ఆయన నాకు అక్షరాలిచ్చిన మనిషి. ఆ అక్షరాలే ఆయనకు ఎదురుపెట్టి ‘ఇది నువ్వే’ అనడానికి నోరు రాలేదు. ఇది చేతకానితనం అనుకున్నా సరే.

6. అందుచేత టీ కొట్టావిడ సాయం అడిగాను. ఆవిడకు బావగారంటే అన్నగారితో సమానం. పైగా మొహమాటం అన్న వస్తువు ఆవిడ కొట్టులో అమ్మరు. గురువారం మధ్యాహ్నం టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టి, ఆరిన బోర్డు ముందు నిలబడ్డారు.

“ఏంటన్నయ్యా, ఇన్ని వరసలు రాశావు? కళ్ళజోడు తేలేదు. కాస్త చదివి పెట్టు.”

“మా బావమరిది చదువుతాడు.”

“ఆయన నోరు తెరిచేలోగా టీ చల్లారిపోతుంది. నువ్వు చదువు.”

బావగారు గొంతు సవరించుకున్నారు. తాను రాసిన బోర్డును చదివి వినిపించమని ఆయన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కొంచెం గర్వంగానే మొదలుపెట్టారు.

“ఒకటి. ముక్కూ మొహం తెలియనివారు నాలుగు రోజుల పరిచయంలోనే మిమ్మల్ని ఆకాశానికెత్తి ప్రేమ ప్రకటించుట.”

“మీ డాక్టరమ్మ కూడా అంతేగా? నీ అక్షరాలు నడుస్తున్నాయందిగా?”

“నడుస్తున్నాయి కనక అంది. మా మనిషి అలాంటి మనిషి కాదు. ఇది వేరే.”

“వేరేనే. నేనేమన్నాను? రెండోది చదువు.”

“రెండు. తాము ఓడలోనో, సైన్యంలోనో, చమురు బావుల వద్దనో...” అని ఆగారు. మళ్ళీ అందుకున్నారు. “...ఉన్నామని, అందువల్ల కలవలేమని చెప్పుట.”

పక్క కొట్టులో గ్లాసులు కడుగుతున్న టీ కొట్టావిడ భర్త, “చమురు బావుల దగ్గర నిజం డాక్టర్లు కూడా ఉంటారే” అన్నారు.

“చూశావా!” అన్నారు బావగారు. “మీ ఆయనకున్న ఇంగితం నీకు లేదు. మా మనిషి అలాంటి మనిషి కాదు.”

“నువ్వు గ్లాసులు చూసుకోవయ్యా” అని భర్తతో చెప్పి, “మూడు?” అన్నారావిడ.

“మూడు. వీడియోలో కనిపించమంటే కెమెరా చెడిపోయిందని చెప్పుట.”

“ఆవిడ కెమెరా బాగానే ఉందా?”

“ఉప్పుగాలి. నడిసముద్రంలో ఏ వస్తువు నిలుస్తుంది?”

“మరి రోజూ పంపే ఫొటోలు దేంతో తీస్తోంది?”

బావగారు టీ తాగారు.

నాలుగోది గబగబా చదివేశారు. ఐదోది, అంటే వస్తామని చెప్పి తీరా బయలుదేరే వేళకు ప్రమాదమో జబ్బో వచ్చిందనుట, ఇంకా గబగబా చదివారు. ఆరోది, కానుకల పెట్టె పంపామని, సుంకం కట్టి విడిపించుకోమనుట. అక్కడ ఆయన గొంతు ఒక్కో మెట్టే కిందికి దిగింది.

“ఇదీ వేరేనా అన్నయ్యా?”

“పెట్టె వేరే” అన్నారు. తరవాత చిన్నగా, “మా మనిషి అలాంటి మనిషి కాదు” అన్నారు.

“ఏడు?”

“ఏడు. ఈ సంగతి ఇంట్లోవారికి చెప్పవద్దనుట.”

బావగారు బోర్డు వదిలి నా వైపు చూశారు. నేను కింద పడిన మేకులు ఏరుకుంటున్నాను. మేకులు నిజానికి పడలేదు.

“ఒరేయ్, ఈ ఆర్డరు ఎవరిచ్చారు?”

“నేరాల విభాగం వాళ్ళు బావా.”

“నా సంగతి వాళ్ళకు ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. ఇరవై బోర్డులు బావా. ఒక్కడి కోసం ఇరవై రాయించరు.”

నా నోటి నుంచి అంత పెద్ద మాట రావడం అదే మొదటిసారి. ఎనిమిదోదీ తొమ్మిదోదీ ఆయన మాకు వినిపించేలా చదవలేదు. పెదాలు మాత్రం కదిలాయి. తెలియని వేరేవాళ్ళ ఖాతాలకు డబ్బు పంపమనుట. ఆలస్యం చేస్తే ఏడుపు, అనుమానిస్తే అలక. చదివాక కూర్చున్నారు.

“అన్నీ కలుస్తున్నాయి” అన్నారు. “అయినా మా మనిషి అలాంటి మనిషి కాదు.”

“ప్రతి వరసకూ ఆ మాటే అన్నావన్నయ్యా” అన్నారు టీ కొట్టావిడ, గ్లాసులు తీసుకుంటూ.

7. తమ బోర్డు కుడి అంచున, అనుమానం వస్తే ఫొటోను వెతికి చూడమనీ, నమ్మకమైన మనిషితో మాట్లాడమనీ, డబ్బు ఆపమనీ ఉంది. ఫొటో నేను ముందే వెతికి ఉంచాను. అదే ముఖం ఒకచోట పళ్ళ డాక్టరు, ఇంకోచోట ఇళ్ళు అమ్మిపెట్టే ఆవిడ, మరోచోట బేకరీ యజమానురాలు. బావగారికి చూపించాను.

“పాపం, ఆవిడ ఫొటో ఎవరో దొంగిలించారు” అన్నారు.

అంత గట్టి నమ్మకాన్ని నేను రేకు కోసే కత్తెరతో కూడా కోయలేనని అర్థమైంది. కానీ ఆయనే కాసేపటికి ఫోను తీసి డాక్టరమ్మకు ఒక మాట రాశారు: “నా అక్షరాలు మీకు ఇష్టమన్నారు. మీ చేత్తో ఒక కాగితం మీద ‘అక్షరమే అందం, అందమే ఆనందం’ అని రాసి ఫొటో పంపండి. ఇంకేమీ వద్దు.”

వెంటనే జవాబు వచ్చింది. నన్ను అనుమానిస్తున్నారా, నా గుండె పగిలింది, పెట్టె గడువు దాటిపోతోంది అని.

“తొమ్మిదోది వచ్చింది” అన్నారు పక్క నుంచి టీ కొట్టావిడ.

సాయంత్రానికి ఫొటో కూడా వచ్చింది. దాన్ని చూసి నా ప్రాణం ఉసూరుమంది. మంచి కాగితం, నీలం సిరా, వాలుగా సాగిన రాత, పక్కన పువ్వు. నిఖార్సయిన చేతిరాత. ఇక తలుపు పోయినట్టే అనుకున్నాను. బావగారు ఫోనును దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టి చూశారు. ఆయన చదవడం లేదు. మామూలుగా బోర్డులను చూసినట్టే చూస్తున్నారు.

“ఒరేయ్, ఇందులో మూడు ‘అ’లున్నాయి.”

“అవును బావా. ముచ్చటగా ఉన్నాయి.”

“మూడూ ఒకటే. ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకంత తేడా రాదు. మనిషి చేయి ఏ అక్షరాన్నీ రెండుసార్లు ఒకేలా రాయదురా. ఇన్నేళ్ళుగా ఒకేలా రాద్దామని నేను చస్తున్నా, రాలేదు. ఇది చేయి కాదు. యంత్రం.”

ఫోను బోర్లా పెట్టారు. తరవాత ఇంకో మాటన్నారు.

“నా అక్షరాలు నడుస్తున్నాయంది. అంటే, చూడలేదన్నమాట.”

అయ్యా, నిచ్చెన పోయినందుకు ఆయన బాధపడలేదు. ఆ మాట అన్నప్పటి ముఖం మాత్రం నేను మళ్ళీ చూడదలుచుకోలేదు. వెంటనే లేచి, ఇస్త్రీ చొక్కా విప్పేసి, రంగు మరకల చొక్కా తొడుక్కుని, సైకిళ్ళ కొట్టుకు వెళ్ళారు.

“తలుపు అమ్మకానికి లేదు” అన్నారు.

సైకిళ్ళాయన టేపు చుట్టేస్తూ, “మరి కిటికీ?” అన్నారు.

8. శుక్రవారం సంతకాలు జరగలేదు. ఆ వేళకు బావగారు కొట్టులోనే ఉన్నారు. బోర్డుల అడుగున జానెడు ఖాళీ ఉంది. నన్ను అడగలేదు, తమను అడగలేదు. కుంచె ముంచి, తొమ్మిదో గుర్తు కింద ఇలా రాశారు:

‘10. ఈ తొమ్మిదీ చదివిన తరవాత కూడా, మా మనిషి అలాంటి మనిషి కాదు అనుకొనుట.’

ఇరవై బోర్డుల మీదా రాశారు. తమ నోటీసులోని రెండో ఆక్షేపణకు ఇదే నా సమాధానం. ఎవరి అనుమతీ లేదు.

9. మొదటి బోర్డును తమవారు నిచ్చెన తెచ్చి సంత కూడలిలో తగిలించారు. అది చూసి తమరు నోటీసు పంపారు. ఆ నోటీసు తెచ్చిన డ్రైవరు గారు మిగిలిన బోర్డుల మీది పదో పంక్తి చెరిపించి, వాటిని జీపులో ఎక్కించుకోవాల్సి ఉంది. వారు బోర్డు ముందు నిలబడి నవ్వుతూ చదివారు.

“ఏం జనమండీ! చమురు బావి డాక్టరట! ఎలా నమ్ముతారో!”

ఆరో గుర్తు దగ్గర నవ్వు తగ్గింది. పదోది చదివాక అసలు నవ్వలేదు.

“మా ఆవిడ... అంటే, మా స్నేహితురాలు నర్సు అండి” అన్నారు. “యుద్ధం జరిగే చోట పనిచేస్తుంది. అది వేరే. ఆమె అలాంటి...” అని, వాక్యం పూర్తి చేయకుండా బోర్డు వైపు చూశారు.

“ఇంకో టీ” అని భర్తకు కేకేశారు టీ కొట్టావిడ.

బావగారు తన కుర్చీ వారికిచ్చి, తాను రంగు డబ్బా మీద కూర్చున్నారు. “ఆమెను చేత్తో ఒక ముక్క రాసి పంపమనండి” అన్నారు. ఇద్దరూ చాలాసేపు ఫోను మీదికి వంగి కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు డ్రైవరు గారు చెరపమన్న మాట ఎత్తకుండా, జీపులో చోటు లేదని చెప్పి బోర్డులు వదిలి వెళ్ళారు. జీపు ఖాళీగా ఉంది. అప్పగింత ఆలస్యమైనందుకు కారణం ఇది. వారి అనుమతితోనే రాస్తున్నాను. పేరు మాత్రం రాయవద్దన్నారు గనుక రాయలేదు.

10. కనుక తమను కోరుకునేదేమంటే:

పదో గుర్తును ఉన్నచోటే ఉండనివ్వాలి. దానికి కూలీ అడగము, రంగు ఖర్చు మాది. ఆర్డరులో లేనిది ఉండరాదని నిబంధన గట్టిగా చెబితే, ఆ పంక్తిని కూడా ఆర్డరులో చేర్చి నిబంధనను కాపాడవచ్చు. సంత కూడలి బోర్డు మీది పంక్తిని మమ్మల్నే చెరపమంటే, నిచ్చెన కావాలి. మా నిచ్చెన ప్రస్తుతం డాక్టరమ్మ గారి ఖాతాలో ఉంది. ఆ విషయమై ఆవిడ నంబరు, ఖాతా వివరాలు, బావగారికి వచ్చిన సందేశాలు జతచేసి విడిగా ఫిర్యాదు ఇచ్చాము. నిచ్చెన తిరిగి వస్తుందన్న ఆశ మాకు లేదు. ఆ ఖాతాలోకి ఇంకొకరి తలుపు పోకుండా ఆపగలిగితే చాలు.

చెరపక తప్పదంటే వేరే చేత్తో చెరిపించుకోవలసింది. బావగారు కుంచె పక్కన పెట్టి, “రాయమంటే ఇంకో ఇరవై రాస్తాను, చెరపమంటే నా చేయి కాదు” అన్నారు. నేను ఎంత చెప్పినా వినలేదు. నిజానికి నేను పెద్దగా చెప్పలేదు.

ఇక తమ మూడో ఆక్షేపణ, వంకర సంగతి. ఆయన ఈ ఊళ్ళో ఎన్ని బోర్డులు రాశారో నా దగ్గర కూడా లెక్క లేదు. అన్నీ ఎవరో ఒకరి మాటలే. అద్దెకు ఇవ్వబడును, అరువు అడగరాదు, ప్రవేశం లేదు. ఈ పదో గుర్తు ఒక్కటే ఆయన సొంత మాట. దాన్ని రాస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. పెదాలు కదుపుతూ, ఒక్కో మాటా చదువుకుంటూ రాశారు. అందుకే వంకరపోయింది.

పై సంగతులన్నీ చిత్తగించవలెను. వీలైతే ఆ బోర్డు ముందు నిలబడి, పక్కన ఎవరికైనా పైకి చదివి వినిపిస్తూ చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
బోర్డుల కొట్టులో కిటికీ వైపు వాటాదారు

తా.క. టీ కొట్టావిడకు కళ్ళజోడు అవసరమే లేదట. తమ ఆర్డరు కాగితం వచ్చిన రోజే, మా బల్ల మీద టీ పెడుతూ మొత్తం చదివేశారట. నేను వచ్చి సాయం అడుగుతానేమోనని చూస్తూ ఉన్నారట. “ఎన్నాళ్ళు పట్టిందయ్యా నీకు నోరు విప్పడానికి!” అన్నారు.

ఇంకొక తా.క. అర్జీ పూర్తి చేసి, పంపేముందు బావగారికి ఇచ్చి, ఏమైనా తప్పుంటే చెప్పమన్నాను. కాగితాలన్నీ ఓపిగ్గా తిప్పి చూశారు. “చేయి కుదిరిందిరా నీకు. ఆ ‘ళ’ ఒక్కటి ఇంకాస్త గుండ్రంగా రావాలి” అని ఇచ్చేశారు. ఒక్క ముక్క చదవలేదు. కనుక పైన ఆయన గురించి రాసిన సంగతులేవీ ఆయనకు తెలియవని గమనించి, కలిసినప్పుడు తమరు కూడా ఏమీ ఎరగనట్టే ఉండగలరు.